ఖిలా వరంగల్ ఎవరి ఊరు?

ఖిలా వరంగల్‌ను చాలామంది బొమ్మల్లోనే చూసి ఉంటారు. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు, మధ్యలో విరిగిపడిన రాళ్ళు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు అధికార చిహ్నంలోకి ఎక్కిన తోరణం అదే. దానితోపాటు చార్మినార్ కూడా ఆ చిహ్నంలో చోటు చేసుకుంది. ఆ బొమ్మల్లో కనిపించని సంగతి ఒకటుంది. అక్కడ మనుషులు కాపురముంటున్నారు. మట్టికోట దాటి, కందకం దాటి, రాతికోట గుమ్మంలో మలుపులు తిరిగి లోపలికి వెళితే తూర్పుకోట, మధ్యకోట, పడమరకోట అనే పేర్లతో ఒక ఊరు ఊరే ఉంది. ఇళ్ళున్నాయి, పొలాలున్నాయి, బురుజుల నీడన మేసే పశువులున్నాయి. ఒకనాటి రాజధాని ఎన్నో తరాల పాటు పల్లెటూరై బతికి, ఇప్పుడు నగరపాలక సంస్థలో ఒక మూలగా కలిసిపోయింది.

ఈ కోట ఎవరిదని బడిపిల్లల్ని అడిగితే కాకతీయులదని టక్కున చెబుతారు. సరైన జవాబే. అయితే ఈ ఊరు ఎవరిదని అడిగితే? ఇది వేరే ప్రశ్న. కోట కట్టించినవాడి పేరు శాసనంలో ఉంటుంది. ఊళ్ళో బతికినవాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు. ఈ రెండో ప్రశ్నను కొన్నేళ్ళుగా దేశమంతటా మన ముందు పెడుతున్నారు. మీరు ఎక్కడివారు, ఎప్పుడొచ్చారు, ఎవరితో వచ్చారు అని. దానికి మనవాళ్ళు చెప్పే జవాబులు కూడా కొన్నిసార్లు ఆ ప్రశ్నంత పొరపాటుగానే ఉంటున్నాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

గణపతిదేవుని కాలంలో రాజధాని హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మారింది. ఆయన మొదలుపెట్టిన కోటను కూతురు రుద్రమదేవి పూర్తి చేసింది. రాతికోటకు 45 బురుజులు, దాని చుట్టూ నీటి కందకం, ఆ వెలుపల మట్టికోట. 1310లో మాలిక్ కాఫూర్ సైన్యం ముట్టడిస్తే ప్రతాపరుద్రుడు కప్పం కట్టి గండం గడుపుకున్నాడు. 1323లో ఉలుగ్ ఖాన్, అంటే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దెనెక్కినవాడు, కోటను పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపించారు. ఆయన దారిలోనే నర్మద ఒడ్డున కన్నుమూశాడు. స్వయంభూ దేవాలయాన్ని పడగొట్టారు.

ఈ చివరి వాక్యం దగ్గర మనం కాస్త ఆగాలి. కొందరు దీన్ని దాటవేస్తారు, మరికొందరు ఏవో కారణాలు వెతుకుతారు. నా ఉద్దేశంలో రెండూ అనవసరం. అది ఒక సుల్తాను తన రాజ్యం కోసం చేసిన పని. దానికి వకాల్తా పుచ్చుకోవలసిన బాధ్యత ఈనాటి ముస్లిం మీద లేదు, దాన్ని కప్పిపుచ్చవలసిన అవసరమూ లేదు. గుడి ఉన్నచోట తుగ్లకులు మసీదు కట్టారు. ఆ మసీదు కూడా ఇప్పుడు లేదు. గుడీ పోయింది, మసీదూ పోయింది, తోరణాలు మిగిలాయి. ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు, ఆ పేరుతో నాణాలు కూడా ముద్రించారు. జనం నోట ఆ పేరు నిలవలేదు. ఓరుగల్లు ఓరుగల్లుగానే ఉండిపోయింది. పదమూడు, పద్నాలుగేళ్ళు తిరగకుండానే ముసునూరి కాపయనాయకుడు తుగ్లకు అధికారిని వెళ్ళగొట్టి కోటను తిరిగి తీసుకున్నాడు.

ఈ గొడవలో ఎంతమంది ఢిల్లీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారో గానీ, ఇక్కడి నుంచి ఢిల్లీ వెళ్ళినవాడు ఒకడు మాత్రం చరిత్రకెక్కాడు. ప్రతాపరుద్రుని కొలువులో పెద్ద అధికారిగా ఉన్న ఒక తెలుగువాడిని ఢిల్లీకి తీసుకుపోయారు. గన్నమనాయకుడు ఇతడేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. అక్కడ ఇస్లాం స్వీకరించి మక్బూల్ అనే పేరు పెట్టుకున్నాడు. చదవడం రాయడం రాదని ఆ కాలపు చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. అయినా తెలివితేటలతో మెట్టుమెట్టూ ఎక్కి ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరయ్యాడు. ఖాన్-ఎ-జహాన్ బిరుదు పొందాడు. సుల్తాను యుద్ధాలకు వెళ్ళినప్పుడు ఢిల్లీ రాజ్యాన్ని నడిపింది ఆయనే. నిజాముద్దీన్ బస్తీలో ఎనిమిది కోణాల సమాధి ఇప్పటికీ ఉంది. తెలంగాణ వాడు గనక చరిత్రలో మక్బూల్ తిలంగానీ అన్నారు. ఢిల్లీలోని ఖిర్కీ మసీదును, కలాన్ మసీదును కట్టించింది ఆయన కొడుకు జునాన్ షా. నిజాముద్దీన్ దర్గాకు వెళ్ళి వచ్చే మనవాళ్ళు ఏటా వేలల్లో ఉంటారు. ఆ పక్క సందులోనే ఒక ఓరుగల్లు మనిషి నిద్రపోతున్నాడని ఎంతమందికి తెలుసు?

ఇక వచ్చినవాళ్ళ సంగతి. కాపయనాయకుని తరువాత రేచర్ల నాయకులు, వారి తరువాత 1420లలో బహమనీలు ఇక్కడ పాలించారు. ఆ రాజ్యం బలహీనపడ్డాక షితాబ్ ఖాన్ అనే వాడు ఓరుగల్లును ఏలాడు. పేరు చూసి తురుష్కుడనుకుంటాం. అసలు పేరు సీతాపతి. సామాన్య కుటుంబంలో పుట్టిన తెలుగువాడు, బహమనీల కొలువులో పెరిగి ఆ బిరుదు పొందాడు. 1504లో వేయించిన శాసనంలో పాంచాలరాయ విగ్రహాన్ని తిరిగి ప్రతిష్ఠించిన సంగతి ఉంది. కోటలోని ఖుష్ మహల్ ఆయన కట్టించిందేనని స్థానికుల మాట. ఆ వాలు గోడలు చూసి అది తుగ్లకుల నాటిదని పండితులు అంటారు. ముస్లిం పేరున్న హిందువు, హిందువుగా పుట్టి ముస్లిమైన వజీరు, ఇద్దరూ ఒకే కోట మనుషులు. మనం ఇప్పుడు గీస్తున్న గీతలు అప్పటి మనుషులకు ఎలా సరిపోతాయి?

తరువాత గోలకొండ రాజధాని అయింది, ఓరుగల్లు వెనకబడింది. కుతుబ్ షాహీలు పోయి మొగలులు వచ్చారు. 1708లో ఖిలాషాపూర్ సర్వాయి పాపన్న మొహర్రం రోజులు చూసి ఈ ఊరి మీద పడి దోచుకున్నాడు. కావలి వాళ్ళు ఆ హడావుడిలో ఉంటారని తెలిసే ఆ సమయం ఎంచుకున్నాడు. అంటే ఆనాటికే మొహర్రం ఊరంతటి పండుగ అయిందన్నమాట. అప్పటికే ఇక్కడి తివాచీలకు పేరుంది. పారశీక నేతగాళ్ళు సైన్యాల వెంట వచ్చి ఆ పని నేర్పారని వాడుక. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు కూడా వరంగల్ తివాచీ వెళ్ళింది. ఇప్పుడు కొత్తవాడలో ఆ మగ్గాల మీద కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది పద్మశాలీలు. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎవరో తెచ్చారు, ఇంకెవరో నేర్చుకున్నారు, మరెవరో నిలబెట్టారు. ఇందులో ఎవరిది సొంతం, ఎవరిది పరాయి అని విడదీస్తే దర్రీ పోగులు ఊడదీసినట్టే.

ఇంత చరిత్ర ఉన్న కోట పందొమ్మిదో శతాబ్దానికి పొలాలూ పల్లే అయింది. 1886లో సికింద్రాబాద్ నుంచి రైలు వచ్చాక బేరసారాలన్నీ కోట బయట మట్టెవాడ, గిర్మాజీపేట, మండీబజార్ల వైపు నడిచాయి. కోటలో మిగిలింది సేద్యం చేసుకునేవాళ్ళు. రాజులు పోయిన తరువాత ఊరిని ఊరుగా నిలిపింది వాళ్ళే.

ఇలాంటి కోట ఊరు మరొకటి చాలా దూరంలో ఉంది. అక్కడ జరిగినది మనకు పాఠంగా పనికొస్తుంది గనక చెబుతాను. గ్రీసు దేశంలో క్రీటు అనే పెద్ద దీవి పక్కన స్పినాలోంగా అనే చిన్న దీవి. 1579లో వెనిస్ వాళ్ళు దాని మీద కోట కట్టారు. 1715లో ఉస్మానీ తురుష్కుల వశమైంది. ముస్లిం కుటుంబాలు కోటలో కాపురాలు పెట్టాయి. ఇళ్ళు కట్టారు, మసీదు కట్టారు, వ్యాపారాలు చేశారు. పందొమ్మిదో శతాబ్దం చివరికి అది ముస్లింల ఊరు. క్రీటులో తిరుగుబాటు జరిగి, ఉస్మానీ సైన్యం వెళ్ళిపోయిన తరువాత ఒక్కొక్క కుటుంబమే పడవ ఎక్కింది. 1903లో ఆ దీవిని కుష్ఠు రోగుల నివాసంగా నిర్ణయించారు. అప్పటిదాకా ముస్లింలు ఉన్న ఇళ్ళల్లోకి రోగులను చేర్చారు. వాళ్ళు అక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారు, దుకాణాలు పెట్టుకున్నారు, చనిపోయారు. 1957లో ఆ నివాసాన్ని మూసేశారు. చనిపోయినవాళ్ళకు ప్రార్థనలు జరపడానికి ఒక్క క్రైస్తవ పూజారి మాత్రం మరికొన్నేళ్ళు ఉండి 1962లో వెళ్ళిపోయాడు. ఇప్పుడు అక్కడ కాపురముండేవాళ్ళు లేరు. పొద్దున పడవల మీద యాత్రికులు వస్తారు, సాయంత్రం పోతారు.

మూడు వందల ఏళ్ళలో మూడు రకాల జనం. ఏ జనం వెళ్ళిపోయినా ఊరి కథలో వాళ్ళ భాగం తగ్గిపోతుంది. ఉన్నవాళ్ళు చెప్పేదే చరిత్ర. ముస్లిం కుటుంబాల కథ చెప్పడానికి ఆ దీవిలో ఎవరూ మిగల్లేదు.

స్పినాలోంగా వాళ్ళు తమంత తాము వెళ్ళారు, లేదా భయపడి వెళ్ళారు. ఆ తరువాత జరిగింది ఇంకా కఠినమైనది. 1923 జనవరి 30న లోజాన్ పట్టణంలో గ్రీసు, టర్కీ ప్రభుత్వాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. టర్కీలోని సనాతన క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లింలు టర్కీకి పోవాలి. ఇష్టంతో పని లేదు, తప్పనిసరి. ఇస్తాంబుల్ గ్రీకులకు, పశ్చిమ థ్రేస్ ముస్లింలకు మాత్రం మినహాయింపు. సుమారు 12 లక్షల మంది క్రైస్తవులు, సుమారు 4 లక్షల మంది ముస్లింలు ఇళ్ళు వదిలారు. అప్పటికే యుద్ధంలో పారిపోయినవాళ్ళూ ఈ లెక్కలోకే వచ్చారు. ఎవరు గ్రీకు, ఎవరు తురుష్కుడు అని తేల్చడానికి భాషను చూడలేదు, పుట్టిన ఊరును చూడలేదు. మతం ఒక్కటే కొలత.

దాని ఫలితం చూడండి. క్రీటు ముస్లింలకు గ్రీకు భాష తప్ప మరొకటి సరిగా రాదు. వాళ్ళను తీసుకుపోయి టర్కీ తీరంలో దించారు. అనటోలియా నడిబొడ్డున ఉన్న కరమాన్ క్రైస్తవులు ఇంట్లో మాట్లాడేది తురుష్క భాష, దాన్నే గ్రీకు లిపిలో రాసుకునేవారు. వాళ్ళను గ్రీసులో దించారు. అక్కడ వాళ్ళను తురక విత్తనం అని తిట్టారు. ఇక్కడ వీళ్ళను సగం కాఫిర్లు అన్నారు. టర్కీలో కాయాకోయ్ అనే గ్రీకుల ఊరు ఒకటి ఆనాడు ఖాళీ అయి, నేటికీ పైకప్పుల్లేని రాతి ఇళ్ళతో కొండవాలున అలాగే నిలబడి ఉంది. ప్రపంచ నేతలు ఆనాడు ఆ ఒప్పందాన్ని సమస్యకు పరిష్కారమన్నారు.

ఈ రెండు తిట్లూ విన్నప్పుడు తెలుగు ముస్లింకు కాస్త చురుక్కుమనాలి. ఎందుకంటే మనకు ఆ రెండూ ఇక్కడే, ఒకేసారి తగులుతుంటాయి. పొరుగువాడు తురకోడంటాడు. పట్నంలో చుట్టరికం కలుపుకోవడానికి వెళితే ఉర్దూ సరిగా రాదని సాటి ముస్లిమే చిన్నచూపు చూస్తాడు. దూదేకుల కుటుంబాలను అడగండి, ఈ బాధ ఎలాంటిదో చెబుతారు. నమాజు వాళ్ళకంటే నిష్ఠగా చేసినా నాలుక మీద తెలుగు యాస ఉన్నందుకు పంక్తిలో వెనక కూర్చోవలసి వచ్చింది.

లోజాన్ ఒప్పందం గాలి వరంగల్‌కు కూడా ఒక దారిన సోకింది. టర్కీ 1924లో ఖిలాఫత్‌ను రద్దు చేసి ఖలీఫాను కుటుంబంతో సహా దేశం దాటించింది. ఆ చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు దుర్రె షెహ్వార్‌ను 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో నిజాం పెద్ద కుమారుడు ఆజం జా పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఆజం జా పేరు మీదే 1934లో వరంగల్‌లో ఆజం జాహీ మిల్లు వెలిసింది. ఇల్లూ దేశమూ కోల్పోయిన ఒక రాచకుమార్తె భర్త పేరు పెట్టుకున్న మిల్లు, చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లు గడవని వేలమందికి నీడయింది. హిందువులు, ముస్లింలు, పక్కపక్క మగ్గాల మీద పనిచేశారు, ఒకే యూనియన్ జెండా కింద సమ్మెలు చేశారు. మిల్లు కూత విని వరంగల్ నిద్రలేచేదని ముసలివాళ్ళు చెబుతారు. ఆ మిల్లు మూతబడింది, భూములు ప్లాట్లయ్యాయి.

మిల్లూ రైలూ లాగిన వలస ఒకటైతే, భయం తరిమిన వలస మరొకటి. 1948 సెప్టెంబరు గురించి మన ఇళ్ళల్లో గట్టిగా మాట్లాడరు. రజాకార్లు చేసిన దుర్మార్గం నిజం. బైరాన్‌పల్లి నిజం, పరకాల నిజం. దాన్ని ఎదిరించి రాసినందుకే 1948 ఆగస్టులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను చంపారు. ఆయన పుట్టింది నాటి వరంగల్ జిల్లాలోనే. అలాగే పోలీసు చర్య వెనక జరిగిన ఊచకోత కూడా నిజం. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది వరకు చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల తరబడి బయటపెట్టలేదు. ఎక్కువ ఘోరం జరిగింది ఉస్మానాబాద్, బీదర్, గుల్బర్గా, నాందేడ్ వైపు. తెలంగాణ జిల్లాల్లో అంతగా జరగకపోయినా భయం మాత్రం ఇక్కడికీ వచ్చింది. ఊరికి రెండు మూడు ఇళ్ళున్న ముస్లింలు పట్టణానికో, హైదరాబాదుకో సర్దుకున్నారు. ఉర్దూలో నడిచే కచేరీ పోయింది. దానితో గుమాస్తా ఉద్యోగాలూ పోయాయి. తరువాతి తరం గల్ఫ్ దారి పట్టింది.

పల్లెల్లో ఏం మిగిలింది? పాత వరంగల్ జిల్లా పల్లెల్లో తిరిగినవారికి తెలుసు. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్ళో పీరీల కొట్టం ఉంటుంది. మొహర్రం వచ్చిందంటే గొల్లలు, గౌడులు, మాదిగలు, మంగళ్ళు కలిసి అలావా తవ్వుతారు, పీరీలు ఎత్తుతారు. పీరీలు నిలపడం ధర్మసమ్మతమా కాదా అన్నది ఉలమాలు చెప్పవలసిన విషయం, ఈ వ్యాసం విషయం కాదు. నేను చెప్పేదల్లా, ఆ ఊరి జనాభా చరిత్రకు ఆ కొట్టమే మిగిలిన దస్తావేజు. మనం వదిలి వచ్చిన జ్ఞాపకాన్ని వాళ్ళు మోస్తున్నారు. మనం మన పిల్లలకు ఆ ఊరి పేరు కూడా చెప్పలేదు.

దస్తావేజు మాట ఊరికే అనలేదు. పాత సేత్వార్లు, ఇనాం కాగితాలు ఉర్దూలోనో ఫార్సీలోనో ఉంటాయి. ట్రంకుపెట్టె అడుగున ఉన్న కాగితాన్ని చదవగలిగిన తాత పోయాడు, మనవడికి లిపి రాదు. 2019 చివర పౌరసత్వ చట్ట సవరణ వచ్చి, పౌరపట్టిక మాట లేచినప్పుడు ఎన్ని ఇళ్ళల్లో పెట్టెలు తెరిచారో గుర్తుచేసుకోండి. 2025లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చింది. నమోదైన ప్రతి వక్ఫ్ ఆస్తి వివరాన్ని ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించమని, అందుకు ఆరు నెలలు గడువని అన్నారు. పట్టణం మసీదులకు కమిటీలున్నాయి, ఏదో ఒకటి చేశాయి. జనం వెళ్ళిపోయిన పల్లెలో మొండిగోడల మసీదుకు, తుమ్మచెట్లు మొలిచిన ఖబరస్తాన్‌కు ఎవరు కాగితం వెతకాలి? ఆ మట్టిలో ఉన్నది మన ముత్తాతలే. వాళ్ళ పేర్లు కూడా మనకు తెలియవు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎవరికైనా కష్టం కలిగితే మన్నించాలి. మన పెళ్ళిళ్ళల్లో పెద్దలు కూర్చుని వంశాలు చెప్పుకుంటారు. ఒకరి ముత్తాత అరేబియా నుంచి వచ్చాడు, మరొకరి వాళ్ళు ఇరాన్ నుంచి, ఇంకొకరు తుర్కిస్తాన్ నుంచి. నిజంగా అలా వచ్చిన కుటుంబాలు ఉన్నాయి, కాదనను. కానీ అందరూ గుర్రాల మీద వచ్చినవాళ్ళే అయితే ఈ నేలమీద దూదేకినవారు, మగ్గం నేసినవారు, గాజులమ్మినవారు, మాంసం కొట్టినవారు, నాగలి పట్టినవారు ఎవరి తాతలు? 2024 నవంబరులో మొదలైన తెలంగాణ కుటుంబ సర్వేలో ముస్లింలు 12.56 శాతం అని లెక్క తేలింది. అందులో 10.08 శాతం వెనకబడిన తరగతుల వారు. అంటే నూటికి ఎనభై మంది. ఈ ఎనభై మందికి సుల్తానుల వారసత్వం అంటగట్టేవాడు బయటివాడొకడైతే, దాన్ని తలపాగాలా చుట్టుకునేవాడు ఇంటివాడు. బయట నుంచి వచ్చామని మనమే గొప్పగా చెప్పుకుని, బయటివాళ్ళంటే బాధపడితే ఎలా?

జనగామ వైపు దేవరుప్పుల దగ్గర కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు ఉండేవాడు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టుకెక్కాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు. తెలంగాణ రైతాంగ పోరాటానికి ముందే ఒరిగిన మనిషి. అతని సమాధి దగ్గరికి హిందువులూ ముస్లింలూ వెళతారు. దేశ్‌ముఖ్ హిందువు, నిజాం ముస్లిం, బందగీ రైతు. మన పిల్లలకు ఖాన్-ఎ-జహాన్ మక్బూల్‌ను చెప్పాలి, బందగీని ఇంకా ముందు చెప్పాలి.

ఇస్లాం ఈ విషయంలో మనల్ని చీకట్లో వదిలేయలేదు. దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా పదమూడో ఆయత్ తాత్పర్యం అందరికీ తెలిసిందే. జాతులూ తెగలూ ఒకరినొకరు గుర్తించడం కోసమే గాని గొప్పలకోసం కాదు. మదీనా చరిత్ర చూడండి. అన్సార్లని మనం గౌరవించే ఔస్, ఖజ్రజ్ తెగలవారు కూడా ఒకనాడు యమన్ వైపు నుంచి వలస వచ్చినవారేనని చరిత్ర చెబుతోంది. వాళ్ళకంటే ముందు యూదు తెగలున్నాయి. తరువాత మక్కా నుంచి ముహాజిర్లు వచ్చారు. బిలాల్ (ర) హబషీ, సల్మాన్ (ర) పారశీకుడు. మదీనా ఎవరి ఊరు?

దైవప్రవక్త (స) పుట్టిన ఊరు మక్కా. ఆ ఊరిని వదిలేటప్పుడు ఆయన ఎంత బాధపడ్డారో మనకు తెలుసు. హిజ్రీ 8వ ఏట ఆ ఊరే ఆయన చేతికి వచ్చింది. ఇక సొంత ఊళ్ళోనే ఉండిపోతారేమోనని అన్సార్లు కలతపడ్డారు. తన బతుకూ చావూ మీతోనేనని ఆయన వాళ్ళకు మాట ఇచ్చారు. మదీనాకు తిరిగి వచ్చారు, అక్కడి మట్టిలోనే విశ్రమించారు. తాతల పేరు చెప్పి ఊరి మీద హక్కు కోరేవాళ్ళూ, తాతల పేరు చెప్పి ఊరు వదిలి పొమ్మనేవాళ్ళూ ఈ సంఘటనను తీరిగ్గా చదువుకోవాలి.

చివరిగా, చేయవలసిన పని ఒకటి ముందుంది. 2027 జనగణనకు కేంద్ర ప్రభుత్వం 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఈసారి కులం కూడా అడుగుతారు. మాతృభాష గడి ఎప్పటిలాగే ఉంటుంది. ప్రతి జనగణన ముందూ మనలో ఒక ప్రచారం సాగుతుంది. ఇంట్లో ఏది మాట్లాడినా భాష దగ్గర ఉర్దూ అనే రాయించండి అని. ఉర్దూ గొప్ప భాష. మన దీన్ పుస్తకాలు అందులో ఉన్నాయి, ఆ భాష పాఠశాలలు నిలబడాలి, అందుకు పోరాడాలి కూడా. ఉర్దూ మాట్లాడే ఇల్లు నిస్సంకోచంగా ఉర్దూ రాయించాలి. కానీ తల్లి తెలుగులో జోల పాడిన ఇల్లు తెలుగు అని రాయిస్తే ఈమాన్‌కు ఏమీ లోటు రాదు. అలాగే దూదేకులవారు దూదేకులనీ, లద్దాఫ్ అనీ, ఏది నిజమైతే అది చెప్పాలి. షేక్ అని చెబితే పరువు పెరుగుతుందనుకోవడం వెర్రి. 1923లో మతం ఒక్కటే చూసి మనుషుల్ని అటూ ఇటూ పోసినవాళ్ళకు మన చేతులతో మనమే గడి నింపి ఇచ్చినట్టవుతుంది.

గణకుడు వచ్చేలోపు ఇంట్లో పెద్దావిడ ఉంటే పక్కన కూర్చుని అడగండి. పుట్టిల్లు ఏ ఊరు, నాన్న ఏం పనిచేసేవాడు, ఏ ఖబరస్తాన్‌లో ఎవరున్నారు, ఊరు ఎందుకు వదిలారు అని. ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. పెట్టెలో ఉర్దూ కాగితం ఉంటే మదర్సాలో చదువుకున్న కుర్రాడితో చదివించండి. అంతకంటే పాతదైతే, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల నాటి ఫార్సీ కాగితాలు కూడా భద్రంగా ఉన్నాయి, అలాంటివి చదవగలవాళ్ళను అక్కడ విచారించండి. పిల్లలకు సెలవులు వస్తే ఒక ఆదివారం ఖిలా వరంగల్ తీసుకుపోండి. తోరణాల దగ్గర ఫోటో దిగాక బయటికి రాకుండా, మధ్యకోట వీధుల్లో కాసేపు నడిపించండి. అక్కడ గడప ముందు కూర్చున్న ముసలాయనను, మీరు ఎన్ని తరాల నుంచి ఇక్కడున్నారు తాతా అని అడిగిస్తే, ఆయన ముందు మీది ఏ ఊరు బిడ్డా అని తిరిగి అడుగుతాడు. దానికి ఏం చెప్పాలో పిల్లవాడికి ఇంటి దగ్గరే నేర్పి తీసుకువెళ్ళండి.